దేశం మునిగిపోతే మనుషులు ఏమవుతారు? 'జపాన్ సింక్స్' వెనక ఉన్న అసలు కథ



2025 జులై 5. ఈ డేట్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు జపాన్‌లో మహా విపత్తు వస్తుందని, సముద్రం పొంగుతుందని రీల్స్ మీద రీల్స్ వచ్చాయి. దానికి మూలం ర్యో తత్సుకి అనే ఆవిడ గీసిన ఒక మాంగా. 1999లో వచ్చింది, 2021లో మళ్లీ కొత్తగా వేశారు. ఆ పుకారు ఎంత దూరం పోయిందంటే, హాంగ్‌కాంగ్ నుంచి జపాన్ వెళ్లే విమానాలు కొన్ని తగ్గించేశారు. ఎక్కేవాళ్లు లేక! చివరికి జపాన్ వాతావరణ సంస్థ అధిపతే ప్రెస్ ముందుకొచ్చి, భూకంపం ఫలానా రోజు వస్తుందని చెప్పడం ఈరోజుకి ఎవరివల్లా కాదు, ఇది వట్టి పుకారు అని చెప్పాల్సి వచ్చింది.

జులై 5 వచ్చింది, పోయింది. ఏమీ కాలేదు. జులై 30న రష్యాలోని కమ్‌చట్కా దగ్గర 8.8 తీవ్రతతో భూకంపం వస్తే మాత్రం, "చూశారా, చెప్పాం కదా" అని మళ్లీ మొదలెట్టారు.

ఈ ఎపిసోడ్ ఆ మాంగా గురించి కాదు. దానికంటే చాలా ముందు, 1973లో, జపాన్ మొత్తం సముద్రంలో మునిగిపోతుందని ఒక రచయిత నవల రాశాడు. అందులో జోస్యం లేదు, కల లేదు. లెక్కలున్నాయి, జియాలజీ ఉంది, రాజకీయం ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా ఒక ప్రశ్న ఉంది. కాళ్ల కింద నేల పోయాక జాతి అనేది మిగులుతుందా?

ఆ నవల పేరు 'నిహోన్ చింబోత్సు'. అంటే 'జపాన్ మునక'. నెట్‌ఫ్లిక్స్‌లో 2020లో వచ్చిన యానిమే 'జపాన్ సింక్స్' చూశారా? దానికి తల్లివేరు ఇదే. కథ కొంత చెప్పబోతున్నా కాబట్టి, స్పాయిలర్స్ వద్దనుకునేవాళ్లు ఇక్కడే పాజ్ చేసుకోండి.

పద్నాలుగేళ్ల కుర్రాడు

రచయిత పేరు సాక్యో కొమత్సు. 1931లో ఒసాకాలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఆయనకి 14 ఏళ్లు, కోబేలో స్కూల్లో చదువుకుంటున్నాడు.

ఈ వయసు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మొత్తం కథ ఇక్కడే ఉంది. 1945 నాటికి జపాన్ ఓడిపోతోందని అందరికీ అర్థమైపోయింది. కానీ ప్రభుత్వం మాత్రం ఒకే నినాదం వినిపిస్తోంది. పది కోట్ల మందిమీ కలిసి చద్దాం గానీ తల వంచొద్దు అని. ఒకినావాలో దాదాపు కొమత్సు వయసు పిల్లల్నే యుద్ధంలోకి దించారు, వాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. ఆగస్టు 15న చక్రవర్తి రేడియోలో లొంగుబాటు ప్రకటన చేయకపోయుంటే, తర్వాతి వంతు కొమత్సుదే.

ఈ ఆలోచన ఆయన్ని జీవితాంతం వదల్లేదు. 1961లో ఒక సైన్స్ ఫిక్షన్ పోటీకి కథ పంపాడు. ఆగస్టు 15న యుద్ధం ఆగకపోతే? పదిహేనేళ్ల కుర్రాడు తుపాకీ పట్టుకుని కొండల్లో ఇంకా పోరాడుతూ ఉంటే? ఇదే ఆ కథ. అంటే మొదటి నుంచీ ఆయన పద్ధతి ఒకటే. చరిత్రలో ఒక్క వేరియబుల్ మార్చు, తర్వాత ఏమవుతుందో నిజాయితీగా రన్ చేసి చూడు.

మనిషి చదివింది మాత్రం సైన్స్ కాదండీ. క్యోటో యూనివర్సిటీలో ఇటాలియన్ సాహిత్యం! తర్వాత మ్యాగజైన్ రిపోర్టర్‌గా చేశాడు, రేడియోకి కామెడీ స్కిట్లు రాశాడు. 1964లో, ప్రపంచాన్ని తుడిచిపెట్టే వైరస్ మీద ఒక నవల కూడా రాశాడు. కరోనా టైమ్‌లో జపాన్ జనం దాన్ని వెతుక్కుని మరీ చదివారు.

అదే 1964లో 'జపాన్ మునక' మొదలుపెట్టాడు. ఆ ఏడాది టోక్యోలో ఒలింపిక్స్. బుల్లెట్ రైలు మొదలైంది. ఓడిపోయి, కాలిపోయిన దేశం ఇరవై ఏళ్లు తిరక్కుండా ప్రపంచం ముందు కాలర్ ఎగరేసి నిలబడింది. అందరూ పండగ మూడ్‌లో ఉన్నారు. ఈయన మాత్రం, "సరే, ఈ నేలే లేకపోతే మీరెవరు?" అని అడగడం మొదలుపెట్టాడు. రాయడానికి తొమ్మిదేళ్లు పట్టింది. జపాన్ దీవుల బరువు ఎంత, వాటిని కిందకి లాగడానికి ఎంత శక్తి కావాలి అని లెక్కలు వేయడానికి, అప్పట్లో బాగా ఖరీదైన ఎలక్ట్రానిక్ క్యాలిక్యులేటర్ కూడా కొన్నాడు.

కథ ఏంటంటే

పసిఫిక్‌లో ఒక చిన్న దీవి రాత్రికి రాత్రే మాయమవుతుంది. ఎందుకో చూద్దామని తదొకోరో అనే భూభౌతిక శాస్త్రవేత్త, ఒనొదెరా అనే సబ్‌మెర్సిబుల్ పైలట్ జపాన్ ట్రెంచ్ అడుగుకి దిగుతారు. అక్కడ సముద్రపు నేల మీద కొత్త పగుళ్లు, కదులుతున్న బురద ప్రవాహాలు కనిపిస్తాయి. తదొకోరోకి అనుమానం మొదలవుతుంది. భూగర్భంలో మ్యాంటిల్ ప్రవాహం దారి మారుతోంది. అదే నిజమైతే జపాన్ మొత్తం జారి సముద్రంలోకి పోతుంది.

మొదట ఎవరూ నమ్మరు. తోటి శాస్త్రవేత్తలు పిచ్చోడిలా చూస్తారు. దేశంలో తెర వెనక చక్రం తిప్పే వతారి అనే పండు ముసలాయన మాత్రం నమ్ముతాడు. ప్రధాని ఒక రహస్య ప్రణాళిక మొదలుపెడతాడు, దాని పేరు 'డి ప్లాన్'. అందులో మొదటి దశ, ఇది నిజమా కాదా అని తేల్చడం. రెండో దశ, నిజమైతే 11 కోట్ల మందిని ఎక్కడికి, ఎలా తరలించాలో చూడటం.

ఒక్కసారి ఆలోచించండి, ఈ విషయం ప్రజలకి ఎప్పుడు చెప్పాలి? ముందే చెబితే గందరగోళం. రూపాయికి విలువుండదు, అదే యెన్‌కి విలువుండదు. షేర్ మార్కెట్ ఆ రోజే మునుగుతుంది, దేశం తర్వాత మునుగుతుంది. పైగా మిగతా దేశాలు తలుపులు మూసేసుకుంటాయి. ఆలస్యంగా చెబితే జనం పడవలెక్కే టైమ్ కూడా ఉండదు. నవలలో సగం ఉత్కంఠ భూకంపాలది కాదు, ఈ డైలమాదే.

ఈలోపు టోక్యోని భారీ భూకంపం కుదిపేస్తుంది. ఫూజీ పర్వతం పేలుతుంది. మిగిలింది ఏడాది కూడా లేదని తేలుతుంది. దౌత్యవేత్తలు దేశదేశాలు తిరుగుతారు. మా వాళ్లని ఇన్ని లక్షల మందిని తీసుకుంటారా అని ఆస్ట్రేలియాలాంటి దేశాలని బతిమాలుతారు. తరతరాల కళాఖండాలు కూడా ఈ బేరంలోకి వచ్చేస్తాయి. నిన్నటిదాకా ప్రపంచంలోకెల్లా పెద్ద ఆర్థిక శక్తుల్లో ఒకటి, ఇవాళ కట్టుబట్టలతో క్యూలో నిలబడ్డ దేశం.

సగానికి పైగా జనం బయటపడతారు, కోట్లమంది పడరు. కొందరు రాలేక, కొందరు రానని. ఆఖర్న ఒనొదెరా గాయాలతో సైబీరియా మంచులో పోయే రైల్లో ఉంటాడు. తను ఎక్కడికి పోతున్నాడో అతనికే సరిగ్గా తెలీదు. నవల చివర 'మొదటి భాగం సమాప్తం' అని ఉంటుంది. అంటే కొమత్సు దృష్టిలో జపాన్ మునగడం కథకి ముగింపు కాదు, ప్రారంభం మాత్రమే.

ఇది నిజంగా జరుగుతుందా?

సూటిగా చెబుతా. జరగదు.

ఎండు కొబ్బరికాయని బకెట్ నీళ్లలో ముంచి వదిలేయండి, ఏమవుతుంది? పైకి తేలుతుంది. ఖండాల రాయి కూడా అంతే. గ్రానైట్ లాంటి రాయి సాంద్రత ఘనపు సెంటీమీటర్‌కి దాదాపు 2.7 గ్రాములు. దాని కింద ఉన్న మ్యాంటిల్ రాయిది దాదాపు 3.3. తేలికైనది బరువైనదాని మీద తేలుతూనే ఉంటుంది. ఒక దేశం మొత్తం ఏడాదిలో మునిగిపోయే పని కాదు.

మరి కొమత్సు ఏం చేశాడు? మ్యాంటిల్ కదలికలని లక్షల రెట్లు స్పీడ్ పెంచాడు. ఆ ఒక్క అబద్ధం తప్ప మిగతా సైన్స్ అంతా ఆ రోజుల్లో అప్పుడే వేడివేడిగా పొయ్యి మీద నుంచి దిగినది. ప్లేట్ టెక్టానిక్స్ అనే సిద్ధాంతం 1960ల చివర్లోనే గట్టిగా నిలబడింది. వెగెనర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1912లోనే ఖండాలు కదులుతాయని చెబితే నవ్విపోయారు. యాభై ఏళ్ల తర్వాత సముద్రపు అడుగు కొలతలు దొరికాక, ఆయన చెప్పినదాంట్లో అసలు విషయం నిజమేనని ఒప్పుకున్నారు. నవలలో ఎవరూ నమ్మని తదొకోరో పాత్రలో ఆ వెగెనర్ నీడ కనిపిస్తుంది.

చాలామంది జపనీయులు ప్లేట్లు, ట్రెంచ్, మ్యాంటిల్ అనే మాటలు మొదటిసారి విన్నది టెక్స్ట్‌బుక్‌లో కాదు, ఈ నవల్లోనే, దీని మీద తీసిన సినిమాలోనే. సినిమాలో మంత్రివర్గానికి భూమి లోపల ఏం జరుగుతుందో వివరించే సీన్ ఉంటుంది. అక్కడ మాట్లాడేది నటుడు కాదు. టోక్యో యూనివర్సిటీ భూభౌతిక శాస్త్రవేత్త హితోషి తకెఉచి స్వయంగా కనిపిస్తాడు!

ఇక అసలు జపాన్ పరిస్థితి చూస్తే, నాలుగు ప్లేట్లు కలిసే చోట కూర్చుంది. పసిఫిక్ ప్లేట్ ఏటా 8, 9 సెంటీమీటర్ల చొప్పున దాని కిందకి దూరుతోంది. ప్రపంచ భూభాగంలో జపాన్ వాటా అర శాతం కూడా లేదు. కానీ 6కి పైన తీవ్రత ఉన్న భూకంపాల్లో దాదాపు అయిదో వంతు అక్కడే వస్తాయని వాళ్ల ప్రభుత్వ లెక్కలే చెబుతాయి. దేశం మునగకపోవచ్చు. కానీ అక్కడివాళ్లకి ఈ భయం కల్పితం కాదు, ఇంట్లో మనిషి లాంటిది.

1973 ఎందుకంత కీలకం?

నవల 1973 మార్చిలో రెండు భాగాలుగా వచ్చింది. రెండూ కలిపి దాదాపు 40 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. అదే డిసెంబర్ 29కి తోహో వాళ్ల సినిమా కూడా రిలీజ్ అయిపోయింది. స్క్రీన్‌ప్లే రాసింది షినోబు హషిమోతో, 'సెవెన్ సమురాయ్' రచయితల్లో ఒకరు. నిర్మాత 'గాడ్జిల్లా' తీసిన తొమొయుకి తనాకా.

ఇంత హిట్ ఎందుకైంది? టైమింగ్. 1973 అంటే కాంతో మహా భూకంపానికి సరిగ్గా యాభై ఏళ్లు. 1923 సెప్టెంబర్ 1, పొద్దున 11 గంటల 58 నిమిషాలు. ఇళ్లలో మధ్యాహ్నం వంటకి పొయ్యిలు వెలిగి ఉన్నాయి. చెక్క ఇళ్లు కూలి పొయ్యిల మీద పడ్డాయి. చనిపోయిన, గల్లంతైన దాదాపు లక్షా అయిదు వేల మందిలో ఎక్కువమంది మంటల్లోనే పోయారు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. కొరియావాళ్లు బావుల్లో విషం కలుపుతున్నారని పుకారు పుట్టింది. జనం గుంపులు కట్టారు, కొన్ని చోట్ల పోలీసులు, సైనికులు కూడా చేరారు. వేలమంది కొరియన్లని చంపేశారు. అప్పుడు వాట్సాప్ లేదు ఫ్రెండ్స్. నోటి మాటే సరిపోయింది. మొదట్లో చెప్పిన 2025 పుకారు విమాన టికెట్లతో ఆగింది కాబట్టి మనం నవ్వుకుంటున్నాం. ఎప్పుడూ అక్కడితో ఆగదు.

ఇక గోరుచుట్టు మీద రోకటి పోటులా 1973 అక్టోబర్‌లో ఆయిల్ షాక్. నూనె ధరలు ఆకాశానికి పోయాయి. కాగితం దొరకదన్న పుకారుతో ఒసాకా దగ్గర ఆడవాళ్లు టాయిలెట్ పేపర్ కోసం షాపుల ముందు బారులు తీరారు, అది దేశమంతా పాకింది. మనం అంత బలంగా కట్టుకున్నాం అనుకున్నది ఇంత పలచనా అని జనానికి అనిపించిన రోజుల్లో థియేటర్లో ఈ సినిమా పడింది.

దీని మీద జోక్ కూడా వచ్చింది. కొమత్సు స్నేహితుడు యసుతాకా త్సుత్సుయి, 'జపాన్ తప్ప అన్నీ మునిగిపోయాయి' అని పేరడీ కథ రాశాడు. అందులో ప్రపంచ నాయకులందరూ జపాన్‌కి శరణార్థులుగా వస్తారు, జపనీయులు వాళ్ల మీద పెత్తనం చేస్తారు. నవ్వుతూనే చెంప మీద కొట్టినట్టు ఉంటుంది.

"ఏమీ చేయకపోతేనే మంచిది"

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. జాతి భవిష్యత్తు ఏంటో ఆలోచించమని వతారి కొందరు పండితులని కూర్చోబెడతాడు. వాళ్లు కొన్ని దారులు రాసిస్తారు. ఒకటి, ఎక్కడో ఒక చోట కొత్త జపాన్ కట్టుకోవడం. రెండు, తలా ఒక దేశంలో కలిసిపోవడం. మూడు, ఎవరూ రానివ్వని వాళ్ల సంగతేంటో చూడటం. వీటి పక్కన ఇంకో అభిప్రాయం కూడా ఉంటుంది. ఏమీ చేయకపోతేనే మంచిది. ఈ నేలతో పాటే పోదాం.

సినిమాలో ఈ మాట విన్న ప్రధాని కళ్లు చెమరుస్తాయి. ఆ సీన్ చూసి చాలామంది, ఆహా ఎంత దేశభక్తి అనుకున్నారు. కానీ కొమత్సు నేపథ్యం తెలిస్తే అది వేరేగా వినిపిస్తుంది. పద్నాలుగేళ్లప్పుడు ఆయన చెవిలో పోసిన మాట అదే కదా, అందరం కలిసి చద్దాం అని! చద్దాం చద్దాం అని వీరంగాలు వేసేవాళ్లకి, నిజంగా దేశం పోతే ఎలా ఉంటుందో ఒకసారి చూపిద్దామని ఈ నవల రాశానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు.

అందుకే నవలలో ప్రధాని ఆ అభిప్రాయాన్ని వింటాడు, బాధపడతాడు, కానీ దాని ప్రకారం నడుచుకోడు. పడవలు, విమానాలు పంపుతూనే ఉంటాడు. "ఉన్న ఊరు కన్న తల్లి" అని మనకీ సామెత ఉంది. కొమత్సు ఆ ప్రేమని ఎగతాళి చేయలేదు. తదొకోరో ఆఖరికి ఆ నేలతోనే ఉండిపోతాడు, రచయిత అతన్ని తప్పు పట్టడు. కాకపోతే, ఎవరికి వాళ్లు ఉండిపోవడం వేరు, కోట్లమంది తరఫున ఇంకెవరో "మనమందరం చద్దాం" అని తీర్మానించడం వేరు. ఆ గీత దగ్గర ఆయన చాలా గట్టిగా నిలబడ్డాడు.

ఇంకో చిన్న విషయం. జపాన్ కోసం ఇంత తపించిన ఆ ముసలి వతారి, చివర్లో తన తండ్రి చైనా నుంచి వచ్చిన భిక్షువని చెబుతాడు. అంటే ఈ జాతి అంటే రక్తమా, నేలా, లేక మనం రోజూ చేసే పనులా? జవాబు చెప్పకుండా వదిలేశాడు.

తర్వాత నేల నిజంగానే కదిలింది

1995 జనవరి 17, తెల్లవారుజామున 5:46. కోబే భూకంపం. 6,434 మంది చనిపోయారు. ఎత్తైన ఎక్స్‌ప్రెస్‌వే వందల మీటర్ల పొడవున పక్కకి ఒరిగిపోయింది. సరిగ్గా ఏడాది ముందు, అదే తేదీన లాస్ ఏంజెలెస్ దగ్గర భూకంపంలో రోడ్లు కూలితే, జపాన్‌లో అలా కూలవులే అన్న ధీమా ఉండేది. కోబే కొమత్సు చదువుకున్న ఊరు. ఆయన ఏడాదిపాటు పేపర్లో ఆ విపత్తు మీద రాశాడు. నవల కాదు, రిపోర్టింగ్. ఏం జరిగింది, ఎవరు ఎక్కడ ఆలస్యం చేశారు, మళ్లీ జరిగితే ఏం చేయాలి. రాసి రాసి ఆయన మానసికంగా బాగా కుంగిపోయాడు.

2006లో రెండో భాగం వచ్చింది, కోషు తాని అనే రచయితతో కలిసి. మునిగిన పాతికేళ్ల తర్వాత, ప్రపంచమంతా చెదిరిపోయిన జపనీయుల కథ. మొదటి భాగానికీ దీనికీ మధ్య 33 ఏళ్లు.

2011 మార్చి 11న తోహోకు భూకంపం, 9.0 తీవ్రత. సునామీతో కలిపి దాదాపు 16 వేల మంది చనిపోయారు, 2,500 మంది ఆచూకీ ఇప్పటికీ లేదు. ఆ రోజు ఒషికా అనే ద్వీపకల్పం తూర్పుకి 5.3 మీటర్లు జరిగింది, 1.2 మీటర్లు కిందకి కుంగింది. నవల్లో అంత కాకపోయినా, జపాన్ తీరం కొంత నిజంగానే మునిగింది. కొమత్సు అదే ఏడాది జులై 26న చనిపోయాడు, 80 ఏళ్ల వయసులో.

దేశాన్ని బ్యాకప్ తీసుకోవచ్చా?

ఇదంతా పాత కథే కదా అనుకుంటున్నారా? పసిఫిక్‌లో తువాలు అనే దేశం ఉంది. జనాభా పదకొండు వేల చిల్లర. మన దగ్గర ఒక పెద్ద గ్రామమంత. అక్కడ కారణం భూకంపం కాదు, పెరుగుతున్న సముద్ర మట్టం. వాళ్లు 2023లో ఆస్ట్రేలియాతో ఒప్పందం చేసుకున్నారు. ఏటా 280 మంది అక్కడికి వెళ్లి స్థిరపడొచ్చు. 2025లో మొదటి లాటరీ తెరిస్తే, జనాభాలో 80 శాతానికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. నవలలో జపాన్ తలుపు తట్టిందీ ఆస్ట్రేలియాదే, గమనించారా?

ఆ ఒప్పందంలో ఇంకో మాట ఉంది. సముద్రం పెరిగినా సరే, తువాలు దేశంగా కొనసాగుతుందని ఆస్ట్రేలియా గుర్తిస్తుంది. అంటే నేల లేకపోయినా దేశం! 2022లో తువాలు మంత్రి ఒకరు, మా దీవులని డిజిటల్‌గా భద్రపరుస్తాం, ప్రపంచంలో మొదటి డిజిటల్ దేశం అవుతాం అని ప్రకటించాడు.

కోడ్ రాసుకుని బతికినవాడిగా నాకు బ్యాకప్ అంటే ఏంటో తెలుసు. డేటా కాపీ చేయొచ్చు. మ్యాపులు, పాటలు, భూమి రికార్డులు, అమ్మమ్మల గొంతులు, అన్నీ సర్వర్‌లో పెట్టొచ్చు. కానీ రిస్టోర్ చేయాలంటే ఒక మెషీన్ కావాలి. ఒక దేశాన్ని దేని మీద రిస్టోర్ చేస్తాం? కొమత్సు 'మొదటి భాగం సమాప్తం' అని ఆపేసింది ఈ ప్రశ్న దగ్గరే అని నాకనిపిస్తుంది.

1945లో జపాన్ ఓడిపోయాక విదేశాల్లో ఉన్న 60 లక్షలకి పైగా జపనీయులు ఓడలెక్కి వెనక్కి వచ్చారు, సగం కాలిపోయిన దేశానికి. కొమత్సు తరం దాన్ని కళ్లారా చూసింది. వచ్చినవాళ్లకి కనీసం దిగడానికి ఒక రేవు ఉంది. ఆ రేవు కూడా లేకపోతే ఎలా అనే ఆయన తొమ్మిదేళ్లు లెక్కలు వేశాడు.

జోస్యానికీ ఈ నవలకీ తేడా అదే. జోస్యం మీకు ఒక తేదీ ఇచ్చి భయపెట్టి వదిలేస్తుంది. ఆ తేదీ దాటితే మర్చిపోతారు. ఇలాంటి కథ తేదీ ఇవ్వదు. ఎవరికి ముందు చెప్పాలి, ఎవరిని ముందు పడవ ఎక్కించాలి, రానన్నవాళ్లని ఏం చేయాలి అని మనచేత ముందే ఆలోచింపజేస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే కన్నా ఇది నయం కదా.

మీకు ఒక ప్రశ్న. ఒకే ఒక్క బ్యాగ్, పది కేజీలు, అరగంట టైమ్. మీ ఊరు ఇక ఉండదు. ఏం సర్దుకుంటారు? ఫోన్, ఛార్జర్ అని అందరూ రాస్తారని తెలుసు, అవి కాకుండా చెప్పండి. కామెంట్స్ అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా, డేట్ వేసి భయపెట్టే రీల్ ఎవరైనా పంపితే, ఫార్వర్డ్ కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి.